వంపునకు భాష నేర్పిన యంత్రశిల్పి — పియేర్ బెజియే

పాఠకులు ఒక్క క్షణము ఈ పుటపైనున్న ‘అ’ అను అక్షరమును పరికింపవలెనని మనవి. అందులో నిలువుగీత లేదు, అడ్డగీత లేదు. మొదటినుండి తుదివరకు అంతయు వంపే. మన తెలుగు లిపి స్వభావమే ఇట్టిది. గుడి మొదలు సున్న వరకు వంపు లేని చోటు అరుదు. ఒకనాడు ఈ వంపులను సీసపు అచ్చులలో పోతపోసి, ఒక్కొక్క అక్షరమును చేతితో పేర్చి ముద్రించెడివారు. నేడు ఆ సీసపు గదులు మూతపడినవి. అక్షరము కంప్యూటరులో నివసించుచున్నది. అచ్చట అది బొమ్మగా లేదు. కొన్ని బిందువులుగా, ఆ బిందువుల స్థానములను తెలుపు అంకెలుగా మాత్రమే ఉన్నది. పుట కావలసినప్పుడెల్ల ఆ అంకెలనుండి వంపు మరల పుట్టుచున్నది.

ఈ విద్య ఎవరి పేరిట లోకమున ప్రసిద్ధికెక్కినదో ఆయన లిపికారుడు కాడు, ముద్రాపకుడు కాడు, పండితుడు అసలే కాడు. పారిసు నగరపు పొలిమేరలో ఒక మోటారు కార్ల కర్మాగారమున 42 సంవత్సరములు పనిచేసిన ఇంజనీరు. ఆయన పేరు పియేర్ బెజియే. మన ఇంజనీరింగు విద్యార్థులు ఆంగ్ల వర్ణక్రమము ననుసరించి ‘బెజియర్’ అని పలుకుదురు. ఫ్రెంచివారి నోట చివరి రేఫము వినబడదు. ఆయన గతించి పాతికేండ్లు దాటినది. కారు రేకునకై పుట్టిన వంపు మన అక్షరములలోనికి ఎట్లు వచ్చి చేరినదో తెలియవలెనన్నచో ఆయన జీవితమును ఆదినుండి చూడవలెను.

బెజియే 1910 సెప్టెంబరు 1వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి ఇంజనీరు, తాత కూడ ఇంజనీరే. కుమారుడును ఆ బాటనే పట్టి, ‘ఆర్ట్స్ ఎ మెతియే’ అను ప్రఖ్యాత విద్యాలయమున యంత్రశాస్త్రము చదివి 1930లో పట్టము పొందెను. ఆ పేరునకు కళలు, చేతివృత్తులు అని అర్థము. 18వ శతాబ్దమున ఒక డ్యూకు సైనికుల బిడ్డలకు చేతిపనులు నేర్పుటకై నెలకొల్పిన పాఠశాల దానికి మూలము. అచటి విద్యార్థికి గణితమొక్కటియే చాలదు. కొలిమి, పోతపని, ఆకురాయి కూడ తెలిసియుండవలెను. మరుసటి ఏడు, అనగా 1931లో, ఆయన విద్యుచ్ఛాస్త్రమున రెండవ పట్టము కూడ పొందెను. ఆలోచించు బుద్ధికిని, పనిచేయు చేతికిని నడుమ గోడ ఉండరాదను భావము ఆయన మనస్సున ఈ చదువు నాటిననాడే నాటుకొనియుండును. తరువాతి జీవితమంతయు ఆ భావమునకు వ్యాఖ్యానము వలె నున్నది.

1933లో ఆయన రెనో కంపెనీలో చేరెను. సెన్ నదీతీరమున బియాంకూరు అను చోట, నది నడుమనున్న సెగెన్ ద్వీపముపై ఆ కర్మాగారము విస్తరించియుండెను. రెండు పట్టములు గల యువకునికి కుర్చీ, బల్ల, కాగితములు లభింపవచ్చును గదా! బెజియే ప్రారంభమున యంత్రములకు పనిముట్లను అమర్చు పనిలో నుండెను. పిమ్మట 1934లో పనిముట్లను రూపకల్పన చేయువారి కార్యాలయమునకు వచ్చెను.

పనిముట్ల విభాగమనగా నేమో విద్యార్థులకు కొంత చెప్పవలెను. కారును మనుష్యులు చేయుచున్నారని మనము అనుకొందుము. నిజమునకు కారు భాగములను యంత్రములు చేయును. ఆ యంత్రములకు తగిన కత్తులు, బిగింపులు, అచ్చులు కావలెను. వాటిని చేయువారే పనిముట్ల శిల్పులు. అచ్చులో వెంట్రుకవాసి తప్పు జరిగినచో ఆ తప్పు లక్ష రేకులపై లక్ష మారులు ముద్రపడును. కావున కర్మాగారమున కొలతయందు అందరికంటె పట్టింపు గలవారు వారే. బెజియే అట్టివారి నడుమ పెరిగెను.

అంతలో ద్వితీయ ప్రపంచ సంగ్రామము వచ్చెను. బెజియే సైన్యమునకు వెళ్ళి, పట్టుబడి, జర్మనీలో యుద్ధఖైదీయై కొంతకాలము గడపెను. చేతికి పనిలేని ఆ దినములలో ఆయన మనస్సు ఊరకుండలేదు. స్వయముగా సరకును ఒకచోటి నుండి మరియొక చోటికి జరుపుకొనుచు పనిచేయు యంత్రపంక్తులను గూర్చి ఆయన ఆలోచింపసాగెను. ఇంజను దిమ్మెకు అనేక రంధ్రములు తొలువవలెను. అంతకుముందు ఒక యంత్రము ఒక రంధ్రమును తొలుచును. కార్మికుడు బరువైన దిమ్మెను ఎత్తి తరువాతి యంత్రమునకు మోసికొనిపోవును. బెజియే ఊహించిన పంక్తిలో దిమ్మె ఒక్కొక్క అడుగు తానే ముందుకు జరుగును. ప్రతి మజిలీయందును కత్తులు ఏకకాలమున తమ తమ పనులు చేయును. చివర పూర్తియైన దిమ్మె వెలువడును.

యుద్ధానంతరము 1945లో రెనో కంపెనీని ఫ్రెంచి ప్రభుత్వము జాతీయము చేసెను. అదే సంవత్సరము బెజియే పనిముట్ల రూపకల్పన కార్యాలయమునకు అధిపతి అయ్యెను. 1948లో ఉత్పత్తి పద్ధతుల సంచాలకుడయ్యెను. యుద్ధముచే చితికిపోయిన ఫ్రాన్సునకు నాడు చవుకయైన చిన్న కారు కావలసియుండెను. 1946లో పారిసు ప్రదర్శనలో చూపబడి, 1947 నుండి అమ్మకమునకు వచ్చిన ‘కాత్ర్ షెవో’ అను చిన్న కారు ఆ కొరత తీర్చెను. 1961లో దాని తయారీ నిలిచిపోవునాటికి 11 లక్షలకు పైగా కార్లు తయారైనవి. పది లక్షలు దాటిన మొదటి ఫ్రెంచి కారు అదియే. ఖైదులో మొలకెత్తిన యంత్రపంక్తులు ఆ కారు భాగములను తయారుచేసినవి.

ఇక్కడితో ఆగిపోయినను బెజియే మంచి ఇంజనీరుగా తన దేశమున స్మరింపబడియుండును. కాని రంధ్రములు తొలుచుట ఒక ఎత్తు; కారు దేహమునకు రూపము నిచ్చుట మరియొక ఎత్తు. రంధ్రమనగా వృత్తము. వృత్తమునకు కేంద్రము, వ్యాసార్థము చెప్పిన చాలును. కాని కారు ముందుభాగపు వంపును, తలుపు రేకు ఉబ్బును, కప్పు మలుపును ఏ మాటలలో చెప్పవలెను? అవి వృత్తఖండములు కావు. బడిలో నేర్చిన ఏ రేఖలును కావు. కళాకారుని కంటికి ఇంపుగా తోచిన వంపులు.

ఆ వంపు నాటి కర్మాగారములలో ఎన్ని చేతులు మారెడిదో చూడుడు. మొదట కళాకారుడు చిన్న చిత్రము గీయును. దానినిబట్టి బంకమన్నుతో నమూనా చేయుదురు. ఆ నమూనాపై కొలతలు తీసి, చిత్రలేఖకులు కారంత పొడవుగల కాగితములపై నిజపరిమాణమున గీతలు గీయుదురు. వంచదగిన సన్నని చెక్కబద్దలు, ఫ్రెంచి కర్వులు అనెడి పలకలు వారి సాధనములు. ఆ గీతలనుండి అడ్డుకోత రూపములను పలకలుగా కత్తిరింతురు. ఆ పలకల నడుమ ఖాళీలను వడ్రంగి తన కంటి తీర్పునుబట్టి నింపి, కొయ్యతోనో ప్లాస్టరుతోనో మూలనమూనాను చేయును. ఆ నమూనాపై వ్రేలివంటి కడ్డీ నడచుచుండగా, దాని కదలికను అనుసరించుచు మరియొక కత్తి ఉక్కు అచ్చును చెక్కును. అటుపై చేతితో మెరుగు.

ప్రతి మజిలీయందును ఒక మనిషి తన ముందువాని భావమును ఊహించి అర్థము చెప్పుకొనవలసియుండెను. చిత్రలేఖకుడు కళాకారుని ఊహించును. వడ్రంగి చిత్రలేఖకుని ఊహించును. అచ్చు చెక్కువాడు వడ్రంగిని ఊహించును. కొయ్య తేమకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. చివరకు రేకు రేకుతో కలియనప్పుడు తగవు పుట్టును. తప్పు గీతదా, చెక్కదా, అచ్చుదా? తీర్పు చెప్పుటకు సాక్ష్యము లేదు. ఏలయన, అసలు రూపము ఇది అని నిర్వివాదముగా చూపదగినది ఎచ్చటను లేదు. కళాకారుడు తుదిరూపమును చూచి ఇది తాను కోరినది కాదని వాపోయినను వినువారు లేరు. అప్పటికి కాలము మించిపోయియుండును.

సాహిత్యము చదువువారికి ఈ బాధ క్రొత్తది కాదు. ఒక తాళపత్రమును ఒక లేఖకుడు చూచి వ్రాయును, దానిని మరియొకడు, దానిని ఇంకొకడు. నాలుగవ ప్రతి నాటికి కవి మాట ఏదో, లేఖకుని మాట ఏదో తెలియదు. పరిష్కర్త మూలప్రతికై వెదకును. కారు దేహమునకు అట్టి మూలప్రతి కావలెననియే బెజియే ఆరాటము.

ఈలోగా సముద్రమునకు ఆవలి ఒడ్డున ఒక క్రొత్త విద్య పుట్టెను. అమెరికాలో జాన్ పార్సన్స్ అను పారిశ్రామికుడు హెలికాప్టరు రెక్కల పనిలో నుండగా, రూపముపైని బిందువులను ముందుగా గణించి, ఆ అంకెల ప్రకారము కత్తిని నడుపవచ్చునని తలచెను. ఆ దేశపు వైమానిక దళము ధనమీయగా, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 1952లో అంకెలను అనుసరించి నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ ఆ యంత్రమునకు ఆజ్ఞాపత్రము. 1957లో రెనో యంత్రసాధనముల విభాగమునకు సంచాలకుడైన బెజియే తానును అట్టి యంత్రమును రూపొందింపజేసెను.

యంత్రము అంకెలను చదువ నేర్చెను. కాని కారు వంపునకు ఆ అంకెల నిచ్చువారెవరు? పూర్తియైన నమూనాపై వేలకొలది బిందువులను కొలిచి యంత్రమునకు ఈయవచ్చును. అది మూలప్రతి కాదు. నాలుగవ ప్రతికి నకలు మాత్రమే. నమూనా పుట్టకమునుపే, కళాకారుని చేతిలోనే, వంపు అంకెలుగా రూపొందవలెను. అదియును గణితము తెలియని కళాకారుడు భయపడని విధమున జరుగవలెను. 1960లో, తన యేబదియవ ఏట, బెజియే ఈ పనికి పూనుకొనెను. ఉద్యోగమున ఉన్నతస్థానము పొందిన మనుష్యులు సాధారణముగా విశ్రాంతిని గూర్చి ఆలోచించు వయస్సది.

ఆయన మొదటి ఊహ చిత్రమైనది. ఒక ఘనపు పెట్టెను తలచుకొనుడు. దానిలో రెండు గొట్టపు తలములు ఒకదానినొకటి కోసికొనినచోట ఒక వంపు ఏర్పడును. ఇపుడు పెట్టెను లాగినను, ఒరగించినను, సాగదీసినను లోపలి వంపు కూడ దానితోపాటు మారును. అనగా వంపును ముట్టుకొననక్కరలేదు. దాని చుట్టునున్న పెట్టెను సవరించిన చాలును. క్రమముగా పెట్టె పోయి, కొన్ని సరళరేఖలు మిగిలెను. వంపునకు దగ్గరగా నుండు నాలుగైదు రేఖల గొలుసు చాలును. ఆ గొలుసు మూలలను కదిపినచో వంపు వినయముగల శిష్యునివలె అనుసరించును.

దీని మర్మమును విద్యార్థులు గ్రాఫు కాగితముపై తామే చూడవచ్చును. నాలుగు బిందువులు పెట్టుడు: మొదటిది (0, 0), రెండవది (0, 4), మూడవది (8, 4), నాలుగవది (8, 0). వరుసగా కలిపినచో బోర్లించిన పెట్టెవలె మూడు గీతలు వచ్చును. ఒక్కొక్క గీతకు మధ్యబిందువు గుర్తింపుడు: (0, 2), (4, 4), (8, 2). ఈ మూడింటిని కలిపి, మరల మధ్యబిందువులు తీయుడు: (2, 3), (6, 3). ఈ రెంటి మధ్యబిందువు (4, 3). వంపు సరిగా ఆ బిందువు మీదుగా పోవును. సగమునకు బదులు మూడవవంతునో, నాలుగవవంతునో తీసికొని ఇట్లే చేసినచో వంపుపై తక్కిన బిందువులు లభించును. వంపు మొదటి బిందువునుండి బయలుదేరి రెండవదానివైపు చూచుచు సాగును. మూడవదానివైపునుండి వచ్చి నాలుగవదానిని చేరును. నడిమి రెండు బిందువులను అది తాకదు. వాటి ఆకర్షణకు లొంగును. కూడిక, సగము చేయుట తప్ప ఇందులో వేరు గణితము లేదు.

బెజియే తన సూత్రమును మొదట ఈ రీతిగా వ్రాయలేదు; గొలుసులోని గీతల దిశలను, పొడవులను కలుపు బహుపదులుగా వ్రాసెను. రష్యను గణితవేత్త బెర్న్‌స్టైన్ 1912లోనే వేరొక ప్రయోజనమునకై ఉపయోగించిన బహుపదులకును వీనికిని గల ఏకత్వమును బ్రిటనుకు చెందిన రాబిన్ ఫారెస్ట్ 1972లో వెల్లడించెను. శుద్ధగణితమున అరువదేండ్లు నిద్రించిన సూత్రము కార్ల కర్మాగారమున మేల్కొనినదన్నమాట.

క్రొత్త విద్యకు ఎదురుగాలి తప్పదు. కారును కంటితో చేయవలెనుగాని అంకెలతో కాదని కొందరు, ఇది అంత గొప్పదే అయినచో అమెరికావారు ఇదివరకే కనిపెట్టియుందురు గదా అని మరికొందరు చప్పరించిరి. గణితవేత్తలకు ఇంజనీరు చెప్పు సూత్రముపై గురి తక్కువ. బెజియేకు హాస్యప్రియత్వము మెండు. అందువలన తన సూత్రములకు కర్తగా ఒనెసీమ్ దురాన్ అను ఒక ఆచార్యుని పేరు చెప్పెడివాడట. అట్టి ఆచార్యుడు లోకమున ఎన్నడును లేడు!

పరిహాసము పరిహాసమే, పని పనియే. బెజియే తన సహచరులతో కలిసి నిర్మించిన వ్యవస్థకు ‘యూనిసర్ఫ్’ అని పేరు. అందులో కంప్యూటరుతోపాటు నిజపరిమాణమున గీయు పెద్ద చిత్రలేఖన యంత్రమును, నురుగువంటి తేలిక పదార్థమును చెక్కు మిల్లింగు యంత్రమును ఉండెను. కళాకారుడు గొలుసు మూలలను నిర్ణయించును. కొలది సేపటిలో వంపు కాగితముపై కనబడును. నచ్చనిచో ఒక మూలను జరుపును, మరల చూచును. తృప్తి కలిగినపిమ్మట గీతల గొలుసులనే వలగా అల్లి, రేఖ నుండి తలమును పుట్టించును. ఆ తలము నురుగుదిమ్మెపై చెక్కబడి కంటి యెదుట నిలుచును. చేతితో తడిమి చూడవచ్చును. ఒప్పుదల అయినచో అవే అంకెలు ఉక్కు అచ్చును చెక్కు యంత్రమునకు పోవును. నడుమ ఊహించువారు లేరు. 1968 నాటికి రెనోలో కళాకారులును, దేహనిర్మాణపు ఇంజనీర్లును ఈ పద్ధతిని పూర్తిగా వాడుకలోనికి తెచ్చుకొనిరి. కంప్యూటరు సహాయముతో రూపకల్పన, కంప్యూటరు సహాయముతో తయారీ అని నేడు రెండు పేర్లతో పిలువబడుచున్న విద్యలు ఒకే సూత్రమున కూర్చబడిన తొలి సందర్భములలో ఇది ఒకటి.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. ఊహించువారు లేరన్నచో, ఊహించి బ్రతికినవారి మాట యేమి? తన కంటి చలువతో ఖాళీలను నింపిన వడ్రంగి, చెక్కబద్దను వంచి నిజపరిమాణమున గీతలు గీసిన చిత్రలేఖకుడు — వారి విద్య తరతరముల సాధన. క్రొత్త పద్ధతి వ్యాపించినకొలది ఆ వృత్తులు కుంచించుకొనిపోయినవి. యంత్రము తగవును తీర్చెను. తగవుతోపాటు కొన్ని చేతుల నేర్పును కూడ తీసికొనిపోయెను. ఈ నష్టమును చిన్నదనుట న్యాయము కాదు. ఐనను ఒక మాట చెప్పవలెను. బెజియే వ్యవస్థలో వంపును నిర్ణయించినది యంత్రము కాదు. ఇంపు ఏది, వికారమేది అను తీర్పు మనిషి కంటికే మిగిలినది. యంత్రము చేసినది ఆ తీర్పును చెడకుండ మోసికొనిపోవుట మాత్రమే. కళాకారుడు గణితవేత్త కానక్కరలేదను నియమము ఆయన పద్ధతికి మూలస్తంభము. పనిముట్లు అమర్చుచు బ్రతుకు మొదలుపెట్టిన మనిషి మాత్రమే పెట్టగల నియమమది.

న్యాయమును గూర్చిన మరియొక కథ కూడ కలదు. సెన్ నదికి దగ్గరలోనే, రెనోకు పోటీదారైన సిత్రోయెన్ కంపెనీలో 1958లో పోల్ ద కాస్తెల్జో అను యువ గణితవేత్త చేరెను. 1930లో జన్మించిన ఆయన బెజియేకంటె ఇరువదేండ్లు చిన్నవాడు. కారు వంపులను అంకెలలో చెప్పు మార్గమును అడుగగా, ఆయన 1959లోనే ఇదే వంపును కనుగొనెను. పైన మనము గ్రాఫు కాగితముపై చేసిన మధ్యబిందువుల ప్రక్రియ ఆయనదే. కాని కంపెనీ దానిని వ్యాపార రహస్యముగా దాచెను. ఆయన నివేదికలు లోపలి బీరువాలలో ఉండిపోయెను. బెజియేకు ఆ సంగతి తెలియదు. తన త్రోవను తాను త్రొక్కి అదే చోటికి చేరెను. ఆయన 1966 నుండి తన పద్ధతిని పత్రికలలో ప్రకటింపసాగెను; 1970లో ఫ్రెంచి భాషలో గ్రంథము వెలువరించెను; 1972లో దాని విషయము ఆంగ్లమున కూడ గ్రంథరూపమున వచ్చెను. లోకము చదివినది బెజియేను. కావున వంపునకు బెజియే పేరు నిలిచినది. 1975 ప్రాంతమున కాస్తెల్జో నివేదికలు పండితుల కంటబడిన పిమ్మట, వంపును గణించు ప్రక్రియకు ఆయన పేరు పెట్టబడెను. కాస్తెల్జో 2022లో గతించెను.

ఇందులో బెజియే దోషమేమియు లేదు. కాస్తెల్జో లోపమును లేదు. ముందు కనుగొనినవాని పేరు వెనుకబడుటకు కారణము బీరువా తాళము. కంపెనీ తన లాభమునకై విద్యను దాచుకొనెను. దాని ఫలముగా తన ఉద్యోగి కీర్తిని కోల్పోయెను. నాలుగు వాక్యములైనను వ్రాసి నలుగురికి చూపుడని ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పునప్పుడు ఈ కథను ఉదాహరింపవచ్చును.

బెజియే వ్రాయుటతో తృప్తిపడలేదు, బోధించెను. 1968 నుండి 1979 వరకు పారిసులోని జాతీయ కళా వృత్తి విద్యాసంస్థలో ఉత్పత్తిశాస్త్రమునకు ఆచార్యుడుగా నుండెను. పగలు ఉద్యోగములు చేసికొని సాయంకాలము చదువుకొనదలచు పెద్దవారికి ద్వారములు తెరచిన సంస్థ అది. 1975లో రెనో నుండి విశ్రాంతి పొందెను. 1977లో, అరువదియారేండ్లు గడచిన పిమ్మట, పారిసు విశ్వవిద్యాలయమున గణితశాస్త్ర డాక్టరేటు పొందెను. జీవితమంతయు సాధించిన దానికి చివరను శిష్యునివలె పరీక్షకుల యెదుట నిలిచి సిద్ధాంతవ్యాసము సమర్పించుట సామాన్యమైన వినయము కాదు. 1985లో కంప్యూటరు చిత్రవిద్యకు సంబంధించిన స్టీవెన్ కూన్స్ పురస్కారము ఆయనను వరించెను. 1999 నవంబరు 25వ తేదీన, తన 89వ ఏట, ఆయన కన్నుమూసెను.

ఇక మన ‘అ’కారము వద్దకు మరలుదము. కారు రేకునకై పుట్టిన వంపు కార్ల కర్మాగారమున ఆగిపోలేదు. విమానముల తయారీలోను, ఓడల తయారీలోను, గృహోపకరణముల రూపకల్పనలోను అది అడుగిడినది. 1984లో అడోబీ కంపెనీ ‘పోస్ట్‌స్క్రిప్ట్’ అను ముద్రణభాషను వెలువరించినప్పుడు అక్షరముల అంచులను బెజియే వంపులతోనే వర్ణించెను. 1991లో ఆపిల్ కంపెనీ తెచ్చిన ‘ట్రూటైప్’ అను పద్ధతియందును అదే కుటుంబమునకు చెందిన, నాలుగు బిందువులకు బదులు మూడింటితో ఏర్పడు, వంపులే ఉన్నవి. నేడు కంప్యూటరులపై మనము చూచుచున్న గౌతమి, పోతన మొదలగు తెలుగు అక్షరరూపములు ఈ పద్ధతికి చెందినవే.

ఆంగ్లమున ‘ఐ’, ‘టి’, ‘ఎల్’ వంటి పెద్ద అక్షరములకు సరళరేఖలు చాలును. అవి కారు ఇంజను దిమ్మెవంటివి. మన అక్షరములు కారు దేహమువంటివి. ‘అ’లోని మెలికను, ‘ణ’లోని సుడులను, ‘ఋ’లోని మడతలను వృత్తఖండములతో అతికి చూడుడు, అతుకు కంటికి తగులును. బిందువుల ఆకర్షణకు లొంగి సాగు వంపునకు అట్టి అతుకు కనబడదు. అక్షరశిల్పి తన తెరపై నడిమి బిందువును కొంచెము జరుపును. ‘అ’ పొట్ట కొంచెము నిండును. నచ్చనిచో మరల వెనుకకు జరుపును. 1960లలో రెనోలో కారు కళాకారుడు చేసిన పని ఇదియే. చిన్న అక్షరము, గోడంత అక్షరము, రెండును అవే అంకెలనుండి పుట్టును. పెంచినను అంచు చెదరదు.

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాలిటెక్నిక్కులలోను, ఇంజనీరింగు కళాశాలలలోను కంప్యూటరు సహాయముతో రూపకల్పనము పాఠ్యాంశమైయున్నది. అచట బెజియే పేరు ఒక సూత్రమునకు శీర్షికగా కనబడును; పరీక్షలో ఆ సూత్రము వ్రాసి విద్యార్థి ముందుకు సాగును. ఆ పేరు వెనుక పనిముట్లు అమర్చిన చేయి, ఖైదులో ఆగని ఆలోచన, యేబదియవ ఏట మొదలిడిన సాధన, తాళము వేయబడిన మరియొకని బీరువా ఉన్నవని చెప్పువారు అరుదు. ఆ పని ఉపాధ్యాయులది.

తలచువాడు ఒకడు, చేయువాడు మరియొకడు అయినప్పుడు ఇద్దరి నడుమ మాట చెడకుండ సాగుటకు ఒక భాష కావలెను. కవికి, పాఠకునికి నడుమ లిపి అట్టిది. కారు కళాకారునికి, ఉక్కు చెక్కు యంత్రమునకు నడుమ అట్టి లిపిని కల్పించినవాడు బెజియే. ఆయన లిపి తిరిగి తిరిగి మన లిపిలోనికే వచ్చి చేరుట కాలము చేసిన చమత్కారము. తెలుగు అక్షరమొక్కటియు తెలియని ఆ ఫ్రెంచి యంత్రశిల్పికి తెలుగు చదువువారందరు కొంత ఋణపడియున్నారు. నేటి సాయంకాలము ఒక గ్రాఫు కాగితము, ఒక పెన్సిలు తీసికొని ఆ నాలుగు బిందువుల నడుమ వంపును ఏ విద్యార్థియైన గీసి చూచినచో ఆ ఋణములో కొంత తీరును.